పెంపుడు పాముకు ఫ్రీజర్ ఎలుకలు: కొనడం, దాచడం, పెట్టడం – తరచుగా అడిగే ప్రశ్నలు

మా అబ్బాయి హైస్కూల్లో ఉండగా, 2019లో, ఏడాదిపాటు బతిమాలి ఒక కార్న్ స్నేక్ (విషం లేని ఒక అమెరికా జాతి పాము) తెచ్చుకున్నాడు. పండుమిరపకాయ రంగులో ఉందని దానికి పండు అని పేరు పెట్టాడు. తర్వాత యూనివర్సిటీకి వెళ్తూ, హాస్టల్లో పాముల్ని ఉంచనివ్వరని చెప్పి దాన్ని నాకు అప్పజెప్పాడు. కార్న్ స్నేక్ పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుందన్న మాట మాత్రం తెచ్చిన రోజున చెప్పలేదు.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్ శివార్లలో. ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలు పాముల్ని పెంచుకోవడం ఇప్పుడు అంత వింతేం కాదు. పామంటే భయం లేదు కానీ, దాని తిండికని గడ్డకట్టించి అమ్మే చచ్చిన ఎలుకల్ని ఫ్రీజర్లో పెట్టాలంటేనే తల్లిదండ్రులకు టెన్షన్. "ఆంటీ, మా అమ్మతో ఒకసారి మాట్లాడరా?" అని పిల్లలు నాకు ఫోన్ చేస్తారు. ఆ అమ్మలు, నాన్నలు నన్ను అడిగినవి, నేను చెప్పినవి ఇవి.

చచ్చిన ఎలుకను పాము తింటుందా? బతికున్నదే పెట్టాలి కదా?

తింటుంది. వాసన, వెచ్చదనం, కాస్త కదలిక ఉంటే చాలు. ఎలుకను కరిగించి, వెచ్చబెట్టి, పట్టకారుతో పట్టుకుని ముందు ఆడిస్తే మా పండు ఒక్క ఉదుటున లాక్కుంటుంది.

బతికున్న ఎలుకను పెట్టడంలో ఎలుక పడే బాధ ఒకటైతే, పాముకు వచ్చే ముప్పు ఇంకొకటి. పాముకు ఆకలి లేని రోజున డబ్బాలో వదిలేసిన పెద్ద ఎలుక ఊరుకోదు. పాము వీపు కొరుకుతుంది, కళ్లు పీకుతుంది. అడవిలో ఐతే పాము తప్పించుకు పోతుంది, గాజుపెట్టెలో ఎక్కడికి పోతుంది? ఫ్రీజర్ ఎలుకల్ని ఇందుకోసమే పెంచి, కార్బన్ డయాక్సైడ్ గ్యాసుతో స్పృహ తప్పించి చంపి, గడ్డకట్టిస్తారు. గ్యాసును నెమ్మదిగా నింపే ఈ పద్ధతిని అమెరికా పశువైద్యుల సంఘం షరతులతో ఒప్పుకుంటుంది.

మాది శాకాహారం ఇల్లు. గుడ్డో, పనీరో, సోయానో పెట్టి సరిపెట్టలేమా?

లేదండీ. పాము పూర్తి మాంసాహారి. ఎలుకను బొమికలతో, పేగులతో సహా మింగితేనే దానికి కావాల్సిన కాల్షియం, విటమిన్లు అన్నీ అందుతాయి. వట్టి చికెన్ ముక్కలు పెట్టినా చాలదు, వాటిలో ఎముకలుండవు, లోపలి అవయవాలుండవు. ఆఫ్రికాలో గుడ్లు మాత్రమే తినే పాములున్నాయి. మీవాడు తెచ్చింది అది కాదు.

పాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా అత్తగారు వచ్చినప్పుడు నాగుల చవితి పడింది. ఇంట్లోనే పాముంది కదా, గిన్నెలో పాలు పెడదామన్నారు. పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి పాముకు లేదు. పుట్ట దగ్గర పాములు పాలు తాగినట్టు కనిపించేది, పాములవాళ్లు వాటిని రోజుల తరబడి దాహానికి మాడ్చి తేవడం వల్ల. చివరికి చలిమిడి, చిమ్మిలి మేం తిన్నాం, పండుకు మంచినీళ్లు మార్చాం. అత్తగారు గాజుపెట్టెకు దూరం నుంచే దండం పెట్టుకున్నారు.

మనసొప్పకపోతే పాము వద్దనుకోవడం సరైన నిర్ణయమే. ఆకులు తినే తాబేలు ఉంది, ఇగ్వానా ఉంది. పామును తెచ్చుకుని అది తినేది పెట్టనంటే మాత్రం కుదరదు.

పింకీ, ఫజ్జీ, హాపర్... ఈ పేర్లేంటి? మా పాముకు ఏది కొనాలి?

చిట్టెలుక వయసును బట్టి పెట్టిన పేర్లు. పింకీ అంటే అప్పుడే పుట్టి, ఒంటిమీద నూగైనా లేని గులాబీరంగు పిల్ల. బరువు 1 నుంచి 3 గ్రాములు. నూగు మొలిస్తే ఫజ్జీ, 3 నుంచి 6 గ్రాములు. కళ్లు తెరిచి గెంతే వయసుది హాపర్, సుమారు 7 నుంచి 12 గ్రాములు. ఆ పైన తల్లిపాలు మానినవి, తర్వాత 20 గ్రాములు దాటిన అడల్ట్, 30 దాటితే జంబో. ఒక్కో కంపెనీ ఒక్కో కొలత పెట్టుకుంటుంది కాబట్టి పేరును నమ్మకండి, ప్యాకెట్ మీద గ్రాములు చూడండి. మనం చెప్పుల సైజు విషయంలో పడే పాట్లే ఇవీ.

కొలత ఒకటే. పాము ఒంట్లో అన్నిటికంటే లావున్న చోటు చూడండి. ఎలుక దానంత లావుండాలి, లేదా కాస్త ఎక్కువ, ఒకటిన్నర రెట్లు దాటకూడదు. మింగాక పొట్ట దగ్గర చిన్న ఉబ్బు కనిపించాలి. క్రికెట్ బంతి మింగినట్టుంటే మరీ పెద్దది పెట్టారని అర్థం.

గుడ్డులోంచి వచ్చిన కొత్తలో కార్న్ స్నేక్‌కు అయిదు నుంచి ఏడు రోజులకొక పింకీ. పెద్దదయ్యాక పది నుంచి పద్నాలుగు రోజులకొక అడల్ట్ ఎలుక. బాల్ పైథాన్ అనే కొండచిలువ రకం కథ వేరు. అది లావుపాటి పాము, పెరిగేకొద్దీ చిట్టెలుకలు చాలవు. చాలామంది చిన్నప్పుడే పెద్ద జాతి ఎలుకల పిల్లలకు, అంటే ఇక్కడ ర్యాట్ అని అమ్మేవాటికి మార్చేస్తారు. పిల్ల పైథాన్‌కు దాని బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ఉండే ఎలుక వారానికొకటి, పెద్దదానికి ఇరవయ్యో వంతు సరిపోయేది రెండు మూడు వారాలకొకటి. వంటింటి కాటా కాకుండా దీనికి వేరే చిన్న కాటా కొనుక్కోండి, పది పదిహేను డాలర్లకు వస్తుంది. పామును నెలకోసారి తూచి రాసిపెట్టుకుంటే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

బరువు పెంచాలని తొందరపడొద్దు. పెంపుడు పాముల్లో ఆకలితో చిక్కినవాటికంటే కొవ్వెక్కినవే నేను ఎక్కువ చూశాను. అది మన పెంపకంలోనే ఉంది, ఇంకొక్క ముద్ద అంటాం.

ఒకేసారి ఎన్ని కొనాలి? వందల ప్యాకెట్ చవకగా వస్తోంది కదా?

లెక్క వేయండి. పెద్ద కార్న్ స్నేక్ పన్నెండు రోజులకొకటి తింటే ఏడాదికి ముప్పై ఎలుకలు. వంద కొంటే మూడేళ్లకు పైగా వస్తాయి. రెండో ఏడు దాటేసరికి అవి తెల్లగా ఎండిపోయిన కట్టెలు. నేను ఒకసారి ఇలాగే చవకని కొని, ముప్పై ఎనిమిది ఎలుకల్ని చెత్తబుట్టలో పారేశాను.

పిల్ల పాము ఐతే ఇంకా జాగ్రత్త. అది పింకీలు తినేది కొద్ది నెలలే. యాభై పింకీలు కొంటే సగం అయ్యేలోపే ఫజ్జీలకు ఎదిగిపోతుంది. ముందు పది పదిహేను, అవి అయ్యాక తర్వాతి సైజు. పెద్ద పాముకు ఆరు నెలలకు సరిపడా కొనుక్కోవడం నా పద్ధతి.

పెట్ స్టోర్లో కొనాలా, ఆన్‌లైన్లోనా?

ఒక్క పిల్ల పాము ఉంటే స్టోరే నయం. విడి ధర ఎక్కువే, ఒక్కోదానికి కొన్ని డాలర్లవుతుంది, కానీ షిప్పింగ్ ఖర్చుండదు, చేత్తో చూసి కొంటారు. ఆన్‌లైన్లో విడి ధర బాగా తగ్గుతుంది కానీ డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్), థర్మకోల్ పెట్టె, వేగంగా పంపే ఖర్చు కలిపితే చిన్న ఆర్డర్లు గిట్టవు. నేను ఇంకో ఇద్దరు తెలుగు వాళ్లతో కలిసి ఆర్నెల్లకోసారి తెప్పిస్తాను. చిట్టీ పాటలాగా నడుస్తోంది.

సరీసృపాల ప్రదర్శనల్లో కూడా అమ్ముతారు, ధర మంచిదే. ఐస్ పెట్టె పట్టుకెళ్లండి. ఆగస్టులో ఇక్కడ కారు డిక్కీలో అరగంట ఉంటే ఎలుకలేం కర్మ, మనుషులే కరిగిపోతారు.

కొనేముందు రెండు సంగతులు అడగండి: ఎలా చంపుతారు, ఎప్పుడు ప్యాక్ చేశారు. మంచి అమ్మకందారు రెండింటికీ తడుముకోకుండా చెబుతాడు.

పార్సిల్ వచ్చింది. ఏం చూడాలి?

ఎలుకలు రాయిలా గట్టిగా ఉండాలి. డ్రై ఐస్ మిగిలి ఉంటే ఉట్టి చేతులతో ముట్టుకోవద్దు, అది సున్నాకు 78 డిగ్రీల సెల్సియస్ కింద ఉంటుంది, చర్మం కాలినట్టవుతుంది. తలుపులు తెరిచి దానంతట దాన్ని ఆవిరైపోనివ్వండి, మూత బిగించిన డబ్బాలో వేయొద్దు, పేలుతుంది.

చాలాసార్లు డ్రై ఐస్ మొత్తం ఆవిరైపోయి ఉంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. ఎలుక లోపల ఇంకా మంచుగడ్డలా ఉండి, చేతికి ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా తగిలితే వెంటనే ఫ్రీజర్లో పెట్టేయండి. మెత్తబడి, గోరువెచ్చగా ఉంటే ఫోటో తీసి కంపెనీకి పంపి, ఎలుకల్ని పారేయండి. "మళ్లీ గడ్డకడితే సరిపోతుందిలే" అనుకోవద్దు. కరిగినప్పుడు పుట్టిన సూక్ష్మజీవులు గడ్డకడితే చావవు, నిద్రపోతాయి అంతే.

పొట్ట ఆకుపచ్చగా మారినా, పగిలినా, సంచి విప్పగానే కుళ్లు వాసన గుప్పుమన్నా పనికిరావు. ముక్కు దగ్గర కాస్త నెత్తుటి మరక ఉంటే ఫర్వాలేదు. నల్ల ఎలుకల్ని చూసి పాడైపోయాయని ఒకాయన ప్యాకెట్ మొత్తం పారేశాడు. ఎలుకల్లో నల్లవీ ఉంటాయి.

మనం తినే ఫ్రీజర్లోనే పెట్టొచ్చా?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, గొడవలూ దీని మీదే.

మంచి పద్ధతి వేరే ఫ్రీజర్. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ కూడా ఎలుకల్ని మనుషుల తిండికి, తిండి వండే చోటుకు దూరంగా ఉంచమనే చెబుతుంది. చిన్న ఫ్రీజర్ ఒకటి నూట యాభై, రెండొందల డాలర్లకు దొరుకుతుంది. మా ఇంట్లో మొదటి మూడు నెలలు ఒకే ఫ్రీజర్. మునక్కాయలు, కరివేపాకు, అమ్మ పంపిన పూతరేకులు ఒక అరలో, దాని కింద అరలో ఎలుకలు. మా ఆయన ఒకరాత్రి ఐస్‌క్రీమ్ వెతుక్కుంటూ తప్పు డబ్బా మూత తీశారు. మర్నాడే వేరే ఫ్రీజర్ వచ్చింది.

వేరేది కొనే వీలు లేకపోతే ఇలా చేయండి. జిప్ ఉన్న సంచిలో గాలి తీసేసి ఎలుకలు, ఆ సంచి ఇంకో సంచిలో, అది మూత గట్టిగా పట్టే రంగుడబ్బాలో. డబ్బా మీద పెద్దక్షరాలతో పేరు, తేదీ. అన్నిటికంటే కింది అరలో పెట్టాలి, కరెంటు పోయి కరిగినా నీళ్లు కింద మన తిండి మీద కారకుండా. ఆ డబ్బా ఇంక జన్మలో వంటింటి పనికి రాదు. స్వీట్ల డబ్బా ఖాళీ అయిందని అందులో పెట్టొద్దు. చుట్టాలు వస్తారు, తెరుస్తారు.

గ్యారేజీలో పెట్టేవాళ్లకు ఇంకో మాట. ఫ్రిజ్, ఫ్రీజర్ కలిసి ఉన్న పాత పెట్టెను గ్యారేజీలో పెడితే చలికాలంలో ఒక చిక్కుంది. దాని థర్మోస్టాట్ ఫ్రిజ్ భాగం చల్లదనాన్ని చూస్తుంది. గ్యారేజీయే చల్లగా ఉంటే చాలు కదా అని మోటారు తిరగడం మానేస్తుంది, ఫ్రీజర్లో సరుకు మెల్లగా కరుగుతుంది. ఎండాకాలంలో నలభై డిగ్రీల వేడికి మోటారు ఆగకుండా తిరిగినా చాలదు. గ్యారేజీ వాడకానికి తగినదని రాసి ఉన్నదే కొనండి, లోపల ఒక థర్మామీటర్ పడేయండి. సున్నా డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సున్నాకు 18 డిగ్రీల సెల్సియస్ కింద ఉండాలి.

ఎంతకాలం నిల్వ ఉంటాయి?

ఆర్నెల్లలోపు వాడితే మంచిది, ఏడాది దాటించొద్దు. గడ్డకట్టినా కొవ్వు నెమ్మదిగా చెడుతుంది, విటమిన్ ఇ తగ్గుతుంది. మంచు పట్టకుండా తనంతట తాను కరిగించుకునే ఫ్రీజర్లు సౌకర్యమే కానీ, అవి కాసేపు వేడెక్కి మళ్లీ చల్లబడుతుంటాయి. ఆ రాకపోకల్లో ఎలుక ఒంట్లో తడి ఆరిపోయి చర్మం తెల్లగా, తోలులా అవుతుంది. చేత్తో మంచు గీకాల్సిన పాతరకం పెట్టె ఫ్రీజరే దీనికి మేలు. గాలి లాగేసే సీలింగ్ యంత్రం ఉంటే ఇంకా బావుంటుంది. ఉన్నవి మాత్రం ముందు వాడి, కొత్తవి వెనక పెట్టుకోండి, ఆవకాయ జాడీలతో మనం చేసే పనే.

కరెంటు పోతే?

తలుపు తెరవకండి. నిండుగా ఉన్న ఫ్రీజర్ మూసే ఉంటే సుమారు 48 గంటలు, సగమే ఉంటే 24 గంటలు చల్లదనం నిలుస్తుంది. అందుకే ఖాళీ జాగాలో నేను నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెడతాను. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను మంచు కమ్మేసి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు ఈ సీసాలే కాపాడాయి. అప్పుడు ఎలుకల కంటే పండుకే ఎక్కువ ముప్పు వచ్చింది. దాన్ని మెత్తటి సంచిలో వేసి, మా అబ్బాయి తన స్వెట్టర్ లోపల పెట్టుకుని కూర్చున్నాడు. ఆ వారం దానికి తిండి పెట్టలేదు. వెచ్చదనం లేకపోతే పాముకు తిన్నది అరగదు, కుళ్లుతుంది.

ఎలా కరిగించాలి?

ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో, మూత ఉన్న డబ్బాలో, కింది అరలో పెట్టండి. తెల్లారేసరికి మెత్తబడుతుంది. సాయంత్రం పాము లేచే వేళకు జిప్ సంచిలో వేసి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టండి. పిల్లకు స్నానం పోసేంత వేడి, అంతకు మించొద్దు. చిన్నవి పదినిమిషాలు, పెద్దవి ఇరవై, ముప్పై. నీళ్లు చల్లబడితే మార్చండి. రాత్రి మర్చిపోతే ముందు చల్లటి నీళ్లలో, తర్వాత వెచ్చటి నీళ్లలో. పెద్ద ఎలుకకు గంట పైన పడుతుంది.

పొట్ట దగ్గర వేలితో నొక్కి చూడండి. పైన మెత్తగా, లోపల గట్టిగా తగిలితే ఇంకా కరగలేదు. పాములు కక్కేయడానికి ఈ లోపలి మంచుగడ్డ ఒక పెద్ద కారణం. చివర్లో తల భాగాన్ని ఇంకాస్త వేడినీళ్లలో ముంచితే, ఒళ్లు 100 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరికి వచ్చి పాముకు బతికున్నట్టు అనిపిస్తుంది. బాల్ పైథాన్‌కు మూతి మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, దానికి ఇది మరీ ముఖ్యం. ఒళ్లు తుడిచి, పొడవాటి పట్టకారుతో నడుం దగ్గర పట్టుకుని, తల ముందుకు ఉండేలా చూపించండి. చేత్తో పెట్టకండి. వేడిగా ఉన్నదేదో అదే ఎలుక, పాము లెక్కలో. మీ వేలు కూడా వేడిగానే ఉంటుంది.

ఇండియా నుంచి తెచ్చుకున్న వంటింటి పట్టకారును మాత్రం దీనికి వాడకండి. గిన్నె, పట్టకారు, డబ్బా అన్నీ వేరే, వేరే చోట.

మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే?

వద్దు. పగులుతుంది. శుభ్రం చేసేది మీరే. పగలకపోయినా ఒకచోట ఉడికి, ఒకచోట గడ్డగా ఉంటుంది, పాము నోరు కాలుతుంది. పైగా అదే మైక్రోవేవ్‌లో రేపు సాంబారు వేడి చేసుకోవాలి. మరిగే నీళ్లూ వద్దు, ఉడికిన ఎలుక పొట్ట మింగేటప్పుడు చీలుతుంది.

గడ్డకట్టాక క్రిములు చచ్చిపోతాయి కదా, ఇంత జాగ్రత్త ఎందుకు?

చావవు. సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఫ్రీజర్లో హాయిగా ఉంటుంది. ఎలుక చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, పాము ఆరోగ్యంగానే ఉంటుంది, జబ్బు పడేది మనుషులు: విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి. 2014లో అమెరికాలో ఫ్రీజర్ ఎలుకల వల్ల 18 రాష్ట్రాల్లో 37 మందికి ఈ జబ్బు వచ్చినట్టు తేలింది. 2010లోనూ ఇలాగే జరిగి, జార్జియా రాష్ట్రంలోని ఒక సంస్థ సరుకు వెనక్కి తీసుకుంది. ఆ ఎలుకలు బ్రిటన్‌కు కూడా వెళ్లాయి.

అందుకని: ఎలుకను ముట్టుకున్నాక, పామును ముట్టుకున్నాక, దాని పెట్టె కడిగాక సబ్బుతో ఇరవై సెకన్లు చేతులు కడగాలి. శానిటైజర్ రాసుకుని వదిలేయడం చాలదు. కరిగించే పని వంటగట్టు మీద, వంటింటి సింకులో వద్దు. నేను లాండ్రీ గదిలో చేస్తాను. నీళ్లు పారబోశాక ఆ చోటును సబ్బుతో కడిగి, తర్వాత బ్లీచ్ కలిపిన నీళ్లతో తుడుస్తాను. బ్లీచ్ పాళ్లు సీసా మీద రాసి ఉంటాయి.

అయిదేళ్ల లోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, కీమో లాంటి చికిత్సలో ఉన్నవాళ్లు ఈ ఎలుకల్ని అసలు ముట్టుకోకూడదు. మనిళ్లలో ఇది ఒట్టి మాట కాదు. అమ్మానాన్నలో, అత్తమామలో వచ్చి ఆర్నెల్లు ఉంటారు, పెద్దవాళ్లు ఊరికే కూర్చోలేక గిన్నెలు కడిగేస్తారు. ఏ గిన్నె ముట్టుకోకూడదో వచ్చిన రోజే చెప్పండి.

గర్భిణులు మరీ దూరంగా ఉండాలి. ఎలుకల ద్వారా ఎల్‌సీఎంవీ అనే వైరస్ సోకవచ్చు, కడుపులో బిడ్డకు తీవ్రమైన హాని చేయగలదు. 2012లో ఇండియానా రాష్ట్రంలో ఇలాంటి ఎలుకల్ని పెంచే చోట పనివాళ్లకే ఇది సోకింది. ఇంట్లో ఎవరైనా నెల తప్పితే, పాము తిండి పని ఆ రోజు నుంచి వేరేవాళ్లది.

కరిగించి పెట్టాను, తినలేదు. మళ్లీ ఫ్రీజర్లో పెట్టొచ్చా?

పెట్టకూడదు. రాత్రి పెట్టెలో వదిలి చూడండి, చాలా పాములు దీపం ఆర్పాకే తింటాయి. తెల్లారినా ఉంటే రెండు సంచుల్లో కట్టి చెత్తలో వేయండి. బాధగానే ఉంటుంది, తిండి పారేయడం మనకు చేతకాదు. ఐనా పారేయండి.

కుబుసం విడిచే ముందు, కళ్లు పాలరంగుకు తిరిగినప్పుడు పాములు తినవు. కొత్తగా ఇంటికొచ్చిన పామును ఒక వారం కదపకుండా వదిలేసి అప్పుడు పెట్టండి. బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి ఉపవాసం ఉండటం మామూలే. బరువు నిలకడగా ఉంటే కంగారు లేదు. తగ్గిపోతుంటే, నోట్లో నురగ కనిపిస్తే, ఊపిరి శబ్దం వస్తుంటే సరీసృపాల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. కుక్కల డాక్టర్లందరూ పాముల్ని చూడరు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

తిన్నది కక్కేసింది!

మళ్లీ వెంటనే పెట్టకండి. అందరూ చేసే తప్పు ఇదే, పాపం ఖాళీ కడుపుతో ఉందని. దాని గొంతు, కడుపు ఆమ్లానికి ఒరుసుకుపోయి ఉంటాయి. పది నుంచి పద్నాలుగు రోజులు నీళ్లు మాత్రం ఉంచి, తర్వాత మామూలు కంటే చిన్న ఎలుకను పెట్టండి. ఎలుక పెద్దదా, లోపల గడ్డగా ఉందా, పెట్టె చల్లబడిందా, తిన్న రెండ్రోజుల్లోపు ఎవరైనా పామును ఎత్తారా అని చూసుకోండి. మా ఇంట్లో ఐతే నాలుగోదే, మా అమ్మాయి స్నేహితురాళ్లకు చూపించడానికి ఎత్తింది. రెండోసారి కక్కితే డాక్టరే.

ఇంట్లో బోనులో పడ్డ ఎలుకను పెడితే ఖర్చు తగ్గుతుంది కదా?

ఆ ఎలుక మీ పక్కింట్లో మందు తిని వచ్చిందేమో మీకెలా తెలుస్తుంది? ఎలుకల మందు వెంటనే చంపదు, రోజులు పడుతుంది, ఈలోపు దాన్ని తిన్న జంతువుకూ ఎక్కుతుంది. పురుగులు, పిడుదులు సరేసరి. రెండు డాలర్ల కోసం రెండొందల డాలర్ల డాక్టరు ఖర్చు.

హైదరాబాద్‌లో మా తమ్ముడి కొడుకు కూడా పెంచుకుంటానంటున్నాడు. అక్కడ కుదురుతుందా?

నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ లాంటి మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొలంలో దొరికింది, కాపాడాను అన్నా చెల్లదు, అటవీశాఖకు చెప్పాల్సిందే. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాము అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. 2022లో చట్టాన్ని సవరించాక, అలాంటివి ఉన్నవాళ్లు పరివేష్ అనే ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. కాగితాలు లేకుండా అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దని చెప్పండి. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో పైథాన్లను తెస్తూ చెన్నై విమానాశ్రయంలో పట్టుబడ్డ వార్తలు ఊరికే రావు.

సంక్రాంతికి నెలరోజులు ఇండియా వెళ్తున్నాం. పాము తిండి ఎలా?

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కార్న్ స్నేక్ నెలరోజులకు పైగా తినకపోయినా ఏమీ కాదు. నీళ్లు, వెచ్చదనం మాత్రం రోజూ ఉండాలి. వెళ్లేముందు చివరి తిండి కనీసం వారం ముందే పెట్టేయండి, అరిగిందని చూసుకుని బయల్దేరవచ్చు. పక్కింటివాళ్లను నీళ్లు మార్చమని, హీటరు చూడమని అడగండి చాలు, ఎలుకల పని వాళ్లకు అప్పజెప్పొద్దు. పిల్ల పామైతే అన్నాళ్లు వదలకూడదు, పాములు పెంచే ఇంకొకరింట్లో ఉంచండి.

ఫ్రీజర్ కోసం ఒక చిట్కా. గ్లాసులో నీళ్లు పోసి గడ్డకట్టించి, దాని మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి వెళ్లండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే ఎలుకలు బాగానే ఉన్నాయి. మంచులో కిందికి దిగిపోయి ఉంటే మీరు లేనప్పుడు కరెంటు పోయి, అంతా కరిగి, మళ్లీ గడ్డకట్టిందన్నమాట. పైకి గట్టిగానే కనిపిస్తాయి, ఐనా మొత్తం పారేయండి. పక్కన పెట్టిన మునక్కాయలు కూడా.